మాధ్యమ అక్షరాస్యత

మాధ్యమ అక్షరాస్యత అనగా పత్రికలు, రేడియో, టెలివిజన్, చలనచిత్రాలు, ప్రకటనలు, అంతర్జాలం, మొబైల్ ఫోను మొదలైన మాధ్యమాల ద్వారా అందే సమాచారాన్ని అర్థం చేసుకొనుటకు, దాని సత్యాసత్యాలను పరిశీలించుటకు, బాధ్యతతో ఇతరులతో పంచుకొనుటకు కావలసిన నైపుణ్యాల సముదాయం. దీనిని మీడియా లిటరసీ అని కూడా వ్యవహరిస్తారు. చదవడం, రాయడం వచ్చిన వారందరికీ ఈ అక్షరాస్యత ఉంటుందని చెప్పలేము. ఉన్నత విద్యావంతులు సైతం వదంతులను నమ్మి పదిమందికి పంపిన సందర్భాలు ఉన్నాయి.

ఈ విద్యకు ప్రధానంగా రెండు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది, వదంతుల వలన, ద్వేష ప్రచారం వలన సమాజం అదుపు తప్పకుండా నిలదొక్కుకొనే శక్తిని పెంచడం. రెండవది, భిన్నాభిప్రాయాలు కలవారు పరస్పర గౌరవంతో మాట్లాడుకొనే అలవాటును కలిగించడం.

చరిత్ర

తొలినాళ్ళలో చలనచిత్రాలు, వ్యాపార ప్రకటనల ప్రభావం నుండి పిల్లలను కాపాడడమే ఈ విద్య ఉద్దేశంగా ఉండేది. 1982 జనవరిలో పశ్చిమ జర్మనీలోని గ్రూన్‌వాల్డ్‌లో యునెస్కో ఆధ్వర్యంలో 19 దేశాల ప్రతినిధులు సమావేశమై ఒక ప్రకటన వెలువరించారు. మాధ్యమాలను నిందించడమో, సమర్థించడమో కాక, వాటి ప్రభావాన్ని గుర్తించి పౌరులలో విమర్శనాత్మక దృష్టిని పెంపొందించాలని ఆ ప్రకటన సారాంశం. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 1987లో ఈ అంశాన్ని పాఠశాలల భాషా బోధనలో చేర్చింది. ఫిన్లాండ్‌లో ఇది వివిధ పాఠ్యాంశాలలో అంతర్భాగం. ప్రతి సంవత్సరం అక్టోబరు 24 నుండి 31 వరకు ప్రపంచ మాధ్యమ, సమాచార అక్షరాస్యతా వారంగా జరపాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2021లో తీర్మానించింది.

మొబైల్ ఫోను వ్యాప్తితో పరిస్థితి మారింది. పూర్వం పాఠకుడు కేవలం పాఠకుడే. ఇప్పుడు సందేశాన్ని ముందుకు పంపే ప్రతి వ్యక్తీ ఒక ప్రచురణకర్తే. కనుక సంపాదకునికి ఉండవలసిన వివేకం సామాన్యునికీ అవసరమయింది.

2018 నాటి వదంతులు

ఈ విద్య లేకపోతే కలిగే నష్టానికి 2018లో భారతదేశంలో జరిగిన సంఘటనలు ఉదాహరణ. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్ ద్వారా అనేక రాష్ట్రాలకు పాకింది. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడ గ్రామంలో, సంచార తెగకు చెందిన ఐదుగురిని గుంపు కొట్టి చంపింది. అదే నెలలో కర్ణాటకలోని బీదర్ జిల్లాకు హైదరాబాదు నుండి వెళ్ళిన మిత్రులు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇవ్వగా, వారిని కిడ్నాపర్లుగా అనుమానించారు. ఆ అనుమానం వాట్సాప్ ద్వారా వారి కారు కంటే ముందే ముర్కి గ్రామానికి చేరింది. అక్కడ జరిగిన దాడిలో ఒక యువ ఇంజనీరు మరణించాడు.

అప్పట్లో విస్తృతంగా తిరిగిన ఒక వీడియోలో మోటారు సైకిలుపై వచ్చినవారు వీధిలో ఆడుకొంటున్న బాలుని ఎత్తుకుపోతారు. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసిన లఘుచిత్రం. బాలుని తిరిగి దించి, హెచ్చరిక ఫలకాన్ని చూపే చివరి భాగాన్ని ఎవరో తొలగించారు. సందర్భం తొలగిపోతే చూసిన దృశ్యం అబద్ధమవుతుందని ఇది తెలుపుతుంది.

గద్వాల ప్రయత్నం

ఇదే వదంతి తెలంగాణలోని జోగుళాంబ గద్వాల, వనపర్తి జిల్లాల గ్రామాలకూ చేరింది. అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి గ్రామాలకు పోలీసు సిబ్బందిని కేటాయించి, వారిని గ్రామస్థులతో నిరంతరం సంబంధంలో ఉంచారు. సిబ్బంది గ్రామాల వాట్సాప్ సమూహాలలో చేరి అబద్ధపు సందేశాలను గుర్తించేవారు. డప్పు చాటింపు, జానపద గీతాల ద్వారా ఊరూరా ప్రచారం చేశారు. ఇతర ప్రాంతాలలో జరిగినట్లు అక్కడ ప్రాణనష్టం జరగలేదు. అక్షరాలు రాని వారికి కూడా వారికి పరిచయమైన కళారూపంలో ఈ విద్యను అందించవచ్చునని ఈ ప్రయత్నం నిరూపించింది.

అదే ఏడాది కేరళలోని కన్నూరు జిల్లాలో కలెక్టరు మీర్ మహమ్మద్ అలీ 'సత్యమేవ జయతే' పేరుతో సుమారు 150 ప్రభుత్వ పాఠశాలలలో తరగతులు జరిపించారు. టీకాలపై వచ్చిన వదంతుల వలన తల్లిదండ్రులు పిల్లలకు టీకాలు వేయించడానికి వెనుకాడడం ఇందుకు ఒక కారణం.

బోధనాంశాలు

సాధారణంగా విద్యార్థులకు ఈ క్రింది ప్రశ్నలు వేసుకోవడం నేర్పుతారు.

* మూలం: ఈ సమాచారాన్ని మొదట చెప్పినవారెవరు? పేరు, తేదీ, స్థలం ఉన్నాయా?
* ఉద్దేశం: దీనిని నమ్మితే ఎవరికి లాభం?
* ఆధారం: చెప్పిన మాటకు సాక్ష్యం ఉన్నదా, లేక అభిప్రాయం మాత్రమేనా?
* సందర్భం: చిత్రం లేదా వీడియో పాతదా? వేరే చోటిదా? కత్తిరించినదా?
* మనోభావం: ఇది చదవగానే భయమో, కోపమో కలిగిందా? కలిగితే పంపేముందు కొంతసేపు ఆగాలి.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ జరిపిన పరిశోధనలో ఒక ఆసక్తికరమైన విషయం తెలిసింది. చరిత్ర ఆచార్యులు, విద్యార్థులు ఒకే పేజీని పైనుండి క్రింది వరకు చదివి మోసపోగా, వృత్తిరీత్యా వార్తలను సరిచూసేవారు వెంటనే ఆ పేజీని విడిచి, దానిని గురించి ఇతరులు ఏమన్నారో వెతికారు. ఒక మనిషి నడవడిని గురించి ఇరుగుపొరుగును విచారించడం వంటిదే ఈ పద్ధతి. తెలుగులో ఇటువంటి పరిశీలనకు హైదరాబాదులోని ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థల కథనాలు ఉపకరిస్తాయి.

గౌరవపూర్వక సంభాషణ

అబద్ధాన్ని గుర్తించడం ఈ విద్యలో సగభాగమే. దానిని నమ్మినవారితో ఎలా మాట్లాడాలి అన్నది మిగిలిన సగం. ఉదాహరణకు, కుటుంబ సమూహంలో పెదనాన్నగారు ఒక తప్పుడు సందేశం పంపితే, అందరి ముందు ఎగతాళి చేసినందువలన ఆయన అభిమానం దెబ్బతింటుంది, అభిప్రాయం మారదు. విడిగా ఫోను చేసి "ఇది మీకు ఎవరు పంపారండీ?" అని అడగడం మేలు. పిల్లల అపహరణ వదంతిని పంపిన తల్లి దురుద్దేశంతో పంపలేదు, బిడ్డపై బెంగతో పంపింది. ముందుగా ఆ బెంగను గుర్తించి, తరువాత నిజాన్ని వివరించాలి. తప్పు సందేశానిదే కాని మనిషిది కాదన్న దృష్టి అవసరం. తాము పొరబడినప్పుడు పెద్దలైనా, ఉపాధ్యాయులైనా బహిరంగంగా ఒప్పుకొనడం కూడా ఇందులో భాగమే.

ఫలితాలు

ఒక్క పాఠంతో అలవాట్లు మారవని పరిశోధనలు తెలుపుతున్నాయి. 2019 సార్వత్రిక ఎన్నికల సమయంలో సుమిత్ర బద్రీనాథన్ బీహారులో 1,224 మందిపై జరిపిన అధ్యయనంలో, సుమారు గంటసేపు ఇచ్చిన శిక్షణ సగటున చెప్పుకోదగిన మార్పు తేలేదు. పైగా అధికార పక్షాన్ని అభిమానించేవారిలో, తమ పక్షానికి అనుకూలమైన అబద్ధాలను గుర్తించే శక్తి తగ్గింది. ఆ తరువాత అదే రాష్ట్రంలో 583 గ్రామాలకు చెందిన 13,500 మందికి పైగా విద్యార్థులపై మరొక అధ్యయనం జరిగింది. ఇందులో తరగతులు సుమారు 14 వారాల వ్యవధిలో జరిగాయి. విద్యార్థుల విచక్షణ మెరుగుపడి, నెలల తరువాత కూడా నిలిచింది. వారి తల్లిదండ్రులలోనూ మార్పు కనిపించింది.

పరిమితులు

దేనినీ నమ్మరాదని బోధిస్తే, విద్యార్థి నిజాన్ని కూడా నమ్మని స్థితికి చేరుతాడు. అందువలన అనుమానించడంతో పాటు దేనిని, ఎందుకు నమ్మవచ్చునో కూడా నేర్పవలసి ఉంటుంది. బాధ్యత అంతా చదువరిపైనే మోపడం కూడా సరికాదు. 2018లో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు సంభాషణలకు మించి పంపకుండా పరిమితి విధించింది. ఇటువంటి సాంకేతిక నియంత్రణలు, చట్టం అమలు, విద్య మూడూ కలిసినప్పుడే వదంతుల వలన కలిగే నష్టం తగ్గుతుంది.

ఇవి కూడా చూడండి

* అక్షరాస్యత
* పత్రికా రచన
* వదంతి
* యునెస్కో