కారులో పెట్రోల్ వాసన – కారణాలు, మరమ్మతు

చార్మినార్ చూడటానికి వెళ్లిన వాళ్లెవరైనా పక్కనే ఉన్న లాడ్ బజార్‌లో ఒక చుట్టు తిరగకుండా రారు. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. లక్కను నిప్పు సెగకు మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి తగ్గకముందే రాళ్లు అద్దుతారు. అంటే గాజులు తయారయ్యే సందుల్లో పని జరిగినంత సేపూ నిప్పు ఉంటుందన్న మాట. అలాంటి సందు మొదట్లో పెట్రోల్ వాసన కొట్టే కారును ఎవరైనా నిలిపి వెళితే ఏం జరుగుతుంది?

పెట్రోల్ ద్రవంగా మండదు, దాని ఆవిరి మండుతుంది. సున్నాకు 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా నిప్పంటుకునేంత ఆవిరిని అది ఇస్తుంది. ఇక మన మే నెల ఎండలో చెప్పాలా! ఈ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. కాబట్టి పైకి పోదు. నేల మీద పాకుతూ మోరీల్లోకి, సెల్లార్లలోకి దిగి కూర్చుంటుంది. గాలిలో దాని పాలు సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో జరిగిన అగ్ని ప్రమాదంలో 17 మంది చనిపోయారు. అక్కడ కారణం పెట్రోల్ కాదు, షార్ట్ సర్క్యూట్ అని అధికారులు భావించారు. కానీ పాతబస్తీ ఇరుకు ఇళ్లలో మంట లేచాక బయటపడటం ఎంత కష్టమో ఆ రోజు అందరికీ తెలిసింది.

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో కార్బురేటర్ ఉండేది. వాటిలో కొంచెం పెట్రోల్ వాసన మామూలే అని ఉస్తాద్‌లు అనేవారు. నేటి కార్లకు ఆ మాట వర్తించదు. వీటిలో ట్యాంకు నుంచి వచ్చే ఆవిరి బయటికి పోకుండా ఒక పైపు ద్వారా బొగ్గు డబ్బాలోకి వెళుతుంది. దీన్ని క్యానిస్టర్ అంటారు. అందులో ఉండేది ఉత్తేజిత బొగ్గు. రసాయన శాస్త్రంలో మనం చదువుకున్న అధిశోషణం ఇదే! ఒక్క గ్రాము బొగ్గు లోపలి రంధ్రాల ఉపరితలం అంతా కలిపితే 500 చదరపు మీటర్లు దాటుతుంది. ఆవిరి ఆ ఉపరితలానికి అంటుకుని నిలుస్తుంది. ఇంజన్ వేడెక్కి నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటుంది. ఇంజన్ పీల్పుకు ఆ ఆవిరి లోపలికి వెళ్లి మండిపోతుంది. వాసన రావాల్సిన పనే లేదు. వచ్చిందంటే ఎక్కడో తేడా ఉంది.

మొదట కారు కింద చూడాలి. నేల మీద తడి ఉంటే అది ఆవిరి లీకు కాదు, పెట్రోలే కారుతోంది. అప్పుడు స్టార్ట్ చేయకూడదు. స్విచ్‌లు కూడా ముట్టకుండా నిప్పుకు దూరంగా తోసుకుని వెళ్లాలి.

తడి లేకపోతే, వాసన ఎప్పుడు వస్తోందో గమనించాలి. సగం రోగం అక్కడే తెలుస్తుంది. ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజే వస్తే ట్యాంకు పైభాగాన్ని అనుమానించాలి. చాలా కార్లలో వెనక సీటు కింద ఉండే పంపు మూత రింగు, లేదా పెట్రోల్ పోసే గొట్టం. ఎండలో నిలిపినప్పుడు వస్తే క్యాప్, పైపులు, క్యానిస్టర్ చూడాలి. ముందు వైపు, అదీ ఏసీ వేసినప్పుడు వస్తే ఇంజన్ గదిలో వెతకాలి. పెట్రోల్ పోయించిన వెంటనే బండి స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంటే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండవచ్చు. చల్లని ఇంజన్ ఐడిల్‌లో ఉండగా క్యానిస్టర్ వైపు పైపు తీసి వాల్వ్ నోటికి వేలు అడ్డుపెడితే పీల్పు తెలియకూడదు. తెలిసిందంటే వాల్వ్ మార్చాల్సిందే.

ఖర్చు తక్కువైన దానితో మొదలుపెట్టడం మంచి మెకానిక్ లక్షణం. క్యాప్ లోని రబ్బరు వాషర్ గట్టిపడి పగిలిందా? పైపు వంచితే గీతలు కనిపిస్తున్నాయా? ఎలుక కొరికిందా? బయటికి ఏమీ కనబడకపోతే స్మోక్ టెస్ట్ చేస్తారు. చాలా తక్కువ ఒత్తిడితో పొగ పంపితే చిల్లు ఉన్న చోట సన్నగా పొగ వస్తుంది. కొందరు టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌నే పెడతారు. అది తప్పు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ట్యాంకు అంత ఒత్తిడిని ఆపలేదు, పైగా ఆవిరికి గాలి తోడవుతుంది. మన హాస్టల్ మిత్రుల్లో పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల మోటార్ మెకానిక్ ట్రేడ్‌లో చేరాలనుకునేవారు ఈ సంగతి ఇప్పుడే గుర్తుపెట్టుకోవచ్చు.

అమెరికాలో 1996 నుంచి కార్ల కంప్యూటర్లే ఆవిరి లీకును పరీక్షించుకుంటున్నాయి. పెద్ద లీకైతే పి0455, చిన్నదైతే పి0442 అనే కోడ్ చూపిస్తాయి. మన నిబంధనలు యూరప్ పద్ధతివి. ఇక్కడి కార్లు చాలావరకు పర్జ్ వాల్వ్ కరెంటు తీగలనే గమనిస్తాయి. కాబట్టి ఇంజన్ లైటు వెలగలేదు కదా అని లీకు లేదనుకోరాదు.

మరమ్మతుకు ముందు ఇంజన్ చల్లారాలి, బ్యాటరీ మైనస్ తీగ తీయాలి, పొడి రకం మంటలార్పే సిలిండర్ చేతి దగ్గర ఉండాలి. పైపు మార్చేటప్పుడు ఇంధనానికి తగిన రబ్బరు పైపే వేయాలి. నీళ్ల పైపు ముక్క వేసి క్లిప్పు బిగిస్తే పెట్రోల్‌కు అది ఉబ్బి మెత్తబడుతుంది. క్యానిస్టర్ పగిలితే అతికించడం కుదరదు, కొత్తదే వేయాలి. అది పాడవడానికి ఒక కారణం మన అలవాటే. బంకులో ఆటో కట్ అయ్యాక కూడా "రౌండ్ ఫిగర్ చెయ్యన్నా" అంటూ ఇంకా పోయిస్తాం. అలా నింపితే ఆవిరి వెళ్లాల్సిన పైపులోకి పెట్రోలే వెళ్లి బొగ్గు తడిసిపోతుంది.

పని పూర్తయ్యాక ఆటో కట్ వరకే ట్యాంకు నింపి, కారును ఆరుబయట ఎండలో గంటసేపు నిలపాలి. తర్వాత క్యాప్ దగ్గర, వెనక చక్రాల దగ్గర నేలకు దగ్గరగా వంగి వాసన చూడాలి. ఏమీ రాకపోతే బండిని యజమానికి అప్పగించవచ్చు.