కొత్త గ్రాఫిక్స్ కార్డుకు పాత ఎస్‌ఎంపీఎస్ చాలుతుందా?

డెస్క్‌టాప్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించాక సినిమా చూసినా, నెట్ చూసినా ఏ ఇబ్బందీ ఉండదు. గేమ్ మొదలుపెట్టి కాసేపు ఆడేసరికి తెర నల్లబడి కంప్యూటర్ ఆగిపోతుంది. కార్డు పాడైందనుకుని దుకాణానికి పట్టుకెళ్తారు. చాలాసార్లు లోపం కార్డులో ఉండదు, దానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే పవర్ సప్లైలో ఉంటుంది.

230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చడం ఎస్‌ఎంపీఎస్ పని. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వాడుకునేది దాదాపు అంతా 12 వోల్టుల లైను నుంచే. కాబట్టి అట్టపెట్టె మీది పెద్ద అంకెను నమ్ముకోకుండా, ఎస్‌ఎంపీఎస్‌కు అంటించిన లేబుల్ చదవాలి. అందులో 12 వోల్టుల గడి కింద ఉన్న ఆంపియర్లను 12తో హెచ్చిస్తే అసలు బలం తెలుస్తుంది. 45 ఆంపియర్లుంటే 540 వాట్లు. 18 మాత్రమే ఉంటే, పెట్టె మీద 450 అని అచ్చేసినా, కార్డుకూ ప్రాసెసర్‌కూ కలిపి దక్కేది 216 వాట్లే.

ఇక అవసరం లెక్క వేద్దాం. ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకు 170 వాట్లు కావాలి. కోర్ ఐ5 12400 ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఓ 50 వేసుకుంటే మొత్తం 337. అయినా ఎన్విడియా ఈ కార్డుకు 550 వాట్ల సప్లై ఉండాలంటుంది. ఎందుకంటే 170 అన్నది సగటు మాత్రమే. గేమ్ నడుస్తుండగా కార్డు మిల్లీసెకన్ల పాటు అంతకన్నా చాలా ఎక్కువ లాగుతుంది. అప్పుడు బలం చాలని సప్లైలో ఓవర్‌లోడ్ రక్షణ పనిచేసి మొత్తం ఆపేస్తుంది. పవర్ సప్లైలకు వర్తించే 2022 నాటి ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ సమస్యనే పట్టించుకుంది. పెద్ద కార్డులకు పనికొచ్చే సప్లై తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని నిర్దేశించింది.

వాట్లు సరిపోయినా వైర్లు సరిపోవాలి. మదర్‌బోర్డు స్లాట్ 75 వాట్ల వరకు ఇస్తుంది. 6 పిన్నుల కనెక్టర్ మరో 75, 8 పిన్నులది 150 ఇస్తాయి. 8 పిన్నుల వైరు లేదని హార్డ్ డిస్కుకు వెళ్లే సాటా వైరుకు అడాప్టర్ తగిలించడం ప్రమాదం. సాటా కనెక్టర్ 12 వోల్టుల దగ్గర మోయగలిగేది 54 వాట్లే. దాని మీద 150 వాట్ల భారం పడితే ప్లాస్టిక్ కరుగుతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. ఊడదీసి పెట్టుకునే వైర్లున్న సప్లైకి వేరే కంపెనీ వైర్లు గుచ్చకూడదు. సాకెట్‌లో పట్టినా లోపల పిన్నుల వరస వేరుగా ఉండి కార్డు కాలిపోవచ్చు.

80 ప్లస్ గోల్డ్, బ్రాంజ్ ముద్రలు కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతాయి. ఎంత భారం మోస్తుందో చెప్పవు. యూపీఎస్‌ను కూడా చూసుకోవాలి. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి. గేమ్ మధ్యలో కరెంటు పోతే మానిటర్‌తో కలిపి అది చాలదు.

కార్డుకు డబ్బు కూడబెట్టేటప్పుడే ఎస్‌ఎంపీఎస్ ఖర్చు కూడా అందులో వేసుకోండి. మంచివాటికి పదేళ్ల వారంటీ కూడా దొరుకుతోంది. ఒకసారి సరైనది కొంటే, తర్వాత మార్చే కార్డుకూ అదే పనికొస్తుంది.