ఏ ఏటి సాండో? ఏ ఏటి రామమూర్తి?

విశాఖ బీచ్ రోడ్డులో వస్తాదు కోడి రామమూర్తి నాయుడి విగ్రహం ఉంది. ఆయన పేరెత్తితే చాలు, వెనకే ఐరోపా కండల వీరుడు యూజెన్ సాండో ప్రస్తావన వస్తుంది. సాండో మద్రాసు వచ్చినప్పుడు మన వీరఘట్టం వస్తాదు సవాలు విసిరాడనీ, ఇతని బలం చూసి దొర మెల్లగా తప్పుకున్నాడనీ ఉత్తరాంధ్రలో చెప్పుకుంటారు. జరగని పోటీలో మనవాడు ఓడిన కథ ఏ ఊళ్లోనూ వినపడదనుకోండి. అయినా ప్రశ్న తీసిపారేయాల్సింది కాదు. నిజంగా కలబడి ఉంటే?

ముందు తేలాల్సింది దేంట్లో అన్నది. ఛాతీకి చుట్టిన ఇనప గొలుసును రామమూర్తి ఊపిరి బిగించి తెంచేవాడు, గుండెల మీద ఏనుగును నడిపించుకునేవాడు. ఇవి సర్కస్ ప్రదర్శనలు. ఎదుటివాడు తిరిగి కొట్టడు. సాండోదీ వేదికే. 1894లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన సింహంతో కుస్తీ పట్టాడు కూడా, దాని మూతికి చిక్కం, పంజాలకు తొడుగులు వేయించి. సింహాన్ని ఎవరూ సంప్రదించినట్టు లేదు.

తర్వాత వయసు. సాండో పుట్టింది 1867లో. రామమూర్తి సుమారు పదిహేనేళ్లు చిన్న. సాండో మన దేశంలో తిరిగిన 1904-05 నాటికి ఆయన నలభైకి దగ్గర పడుతున్నాడు, ఇతను ఇరవై దాటాడు. కుస్తీ అయితే నా ఓటు రామమూర్తికే. మరి లండన్‌లో సాండో పేరు మోగిన 1889లో పెడితే? రామమూర్తి పలక పట్టే ఈడు. ఆ పందెం మాత్రం ఎవరూ కాయరు. ఊహా పోటీల కిటుకంతా ఇదే: మనవాణ్ణి మంచి వయసులో నిలబెడతాం, అవతలివాణ్ణి మనకు వీలైన ఏటి నుంచి పిలిపిస్తాం.

బాక్సింగ్‌వాళ్లు ఈ తగువును కంప్యూటర్‌కు అప్పగించారు. 49 పోటీలూ గెలిచి 1956లో తప్పుకున్న రాకీ మార్సియానోను 1969లో, 45 ఏళ్ల వయసులో, మళ్లీ రింగులోకి తెచ్చారు. ఎదురుగా నిషేధంలో ఉన్న 27 ఏళ్ల మహమ్మద్ అలీ. మార్సియానో ఒళ్లు తగ్గించాడు, విగ్గు పెట్టాడు. ఇద్దరితో రకరకాల ముగింపులు చిత్రీకరించారు, ఏది చూపాలో తేల్చేది కంప్యూటర్. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో పదమూడో రౌండులో మార్సియానో అలీని నాకౌట్ చేశాడు. ఐరోపాలో వేసిన ప్రతిలో గెలిచింది అలీ. యంత్రానికీ ప్రేక్షకుల మొహమాటం తప్పలేదన్నమాట.

ఊహ వదిలి నిజంగానే వయసు మీరినవాళ్లు దిగితే? ముందు పోయేవి కాళ్లు, ఆపైన చూపుకు చెయ్యి అందుకునే వేగం. గుద్దులో బలం మాత్రం చాలాకాలం నిలుస్తుంది. 2024లో 58 ఏళ్ల మైక్ టైసన్ దిగినప్పుడు రౌండును మూడు నిమిషాల నుంచి రెండుకు కుదించారు, బరువైన గ్లోవ్స్ ఇచ్చారు. అయినా కుర్ర బాక్సర్ జేక్ పాల్ చేతిలో ఎనిమిది రౌండ్లూ ఆడి పాయింట్ల మీద ఓడాడు.

లెక్కకు లొంగనిది జార్జ్ ఫోర్‌మన్ సంగతి. 1994 నవంబరులో ఆయనకు 45, ఛాంపియన్ మైకేల్ మూరర్‌కు 26. తొమ్మిది రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ ఫోర్‌మన్ వెనకబడే ఉన్నాడు. పదో రౌండులో కుడిచేతి గుద్దు ఒకటి గడ్డానికి తగిలింది. పది లెక్కపెట్టేలోగా మూరర్ లేవలేకపోయాడు.