చీర గద్వాలది, కానూన్ యూరప్‌ది

రాజోలి మగ్గం మీద నేసిన చీర ఇయ్యాల జర్మనీల బతుకమ్మ ఆడుతున్నది. నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు.. దాని గొప్ప మనకెర్కే. ఆ చీర కొన్న ఆడబిడ్డ ఈ-మెయిల్ అడ్రస్ మన చేతికొస్తే, దాని ఎంబడి ఒక కానూన్ గూడ వస్తదన్న ముచ్చటనే శానమందికి ఎర్కలేదు.

గద్వాల, ఐజ, అమరచింత, కొత్తకోట దిక్కు నుంచి ఆన్‌లైన్ల చీరలు అమ్మాలనుకునే తమ్ముళ్లకు, నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్ పోయి డిజిటల్ మార్కెటింగ్ నేర్సుకుంటున్న చెల్లెండ్లకు గీ లెక్క తెల్వాలె.

ఆ కానూన్ పేరు జీడీపీఆర్. 2018 మే 25 నుంచి నడుస్తున్నది. 'మేం పాలమూరుల ఉన్నం, మాకేం సంబంధం' అంటే కుదరది. దుకాణం యాడుందో అది సూడది, కొనెటోళ్లు యాడున్నరో సూస్తది. పాస్‌పోర్టు ఏ దేశందో గూడ అడగది. డబ్లిన్ల ఉంటున్న మన వనపర్తి పిల్లగాడు గూడ దాని నీడలనే ఉన్నడు. అట్లని మీ వెబ్‌సైట్ ఆడ కనవడంగనే కానూన్ అంటుకోదు. ధర యూరోలల్ల పెట్టి, 'జర్మనీకి పంపుతం' అని రాసి, ఆడోళ్లనే పిలుస్తున్నరంటే అంటుకుంటది.

మెయిల్ల ప్రచారానికి ఆడ 2002 నాటి ఈ-ప్రైవసీ డైరెక్టివ్ అని ఇంకోటి గూడ ఉన్నది. రెండూ కలిపి చెప్పే మాట ఒక్కటే: ముందుగాల అడుగు, ఒప్పుకుంటె పంపు.

ఒప్పుకునుడంటే ఏందో పాలమూరోళ్లకు వేరే చెప్పాల్నా? గుంపు మేస్త్రి అడ్వాన్స్ చేతిల పెట్టి, కాయితం మీద వేలిముద్ర ఏయించుకునెటోడు. అండ్ల ఏం రాసిందో సదివి చెప్పెటోడు లేడు. ముద్రయితే పడ్డది, మరి ఒప్పుకున్నది యాడ? యూరప్ కానూన్ గూడ గిదే అడుగుతది. ఎందుకు తీసుకుంటున్నరో తెలిసి, ఇష్టంతోని, మనిషి తనంతట తానే 'సరే' అనాలె. ముందే టిక్కు కొట్టిపెట్టిన డబ్బా చెల్లదని యూరప్ పెద్ద కోర్టు 2019 అక్టోబర్ 1న ప్లానెట్49 అనే కేసుల తేల్చి చెప్పింది. డబ్బా ఖాళీగ ఉండాలె, టిక్కు వాళ్లే కొట్టాలె.

ఇగ చెయ్యవల్సిన పనులు.

ఎవరు, ఎప్పుడు, ఏ మాట సదివి ఒప్పుకున్నరో రాసి పెట్టుకోవాలె. రేపు లొల్లయితే రుజువు సూపెట్టే బరువు మీదే. అందుకే శానామంది 'మీరేనా?' అని ఒక మెయిల్ పంపి, లింక్ నొక్కినంకనే లిస్టుల కలుపుకుంటరు.

ఒకపారి మీ దగ్గర చీర కొన్నోళ్లకు అసొంటి సరుకు గురించే మళ్ల మెయిల్ పంపెతందుకు కొంత సందు ఉన్నది. గని అడ్రస్ తీసుకున్నప్పుడే 'వద్దంటే చెప్పుండ్రి' అని అడగాలె, ప్రతి మెయిల్ల అదే అవకాశం ఇయ్యాలె. ఈ సందు దేశానికో తీరుగ ఉంటది, సూస్కోవాలె.

వద్దన్నరా, ఇగ ప్రచారం బందు. ఒప్పుకునుడు ఎంత అల్కనో, తప్పుకునుడు గూడ అంతే అల్కగ ఉండాలె. వద్దన్నోళ్ల అడ్రస్ వేరే లిస్టుల రాసి పెట్టుండ్రి, మతిమరిచి మళ్ల పంపకుండ.

తెలుగు సంఘాల లిస్టులు, పైసలకు దొరికే లిస్టులు ముట్టకుండ్రి. వాళ్లు మీకు ఒప్పుకోలేదు. దసరా ఆఫర్ అని రెండొందల మంది అడ్రస్‌లు అందరికి కనవడేటట్టు ఒక్క మెయిల్ల పెట్టి పంపకుండ్రి. ఒకరి అడ్రస్ ఇంకొకరికి బయటపెట్టినట్టయితది.

జుర్మానా ఎక్కువల ఎక్కువ 2 కోట్ల యూరోలు, లేకుంటె ప్రపంచం మొత్తం మీద ఏడాది టర్నోవర్ల 4 శాతం, ఏది పెద్దదైతే అది. చిన్న దుకాణానికి అంత పడదు గావచ్చు. గని జనం 'స్పామ్' అని నొక్కుడు మొదలైతే మీ మెయిల్ ఎవల ఇన్‌బాక్స్‌కూ చేరది. దుకాణం పరువు ఆడనే పోతది.

నన్నడిగితే, యూరప్‌కు భయపడి చేసే పని కాదిది. మన దిక్కు సూడుండ్రి. ఫోన్ల నంబర్లన్నీ గుంజుకున్న లోన్ యాప్‌లు సుట్టాలకు ఫోన్లు చేసి ఇజ్జత్ తీస్తే, 2020 డిసెంబర్ల తెలంగాణల మనుషుల పానాలు పోయినయ్. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24ననే చెప్పింది. డేటా రక్షణ చట్టం 2023ల వచ్చింది, దాని రూల్స్ రాను 2025 నవంబర్ దాకా పట్టింది. అసలు బాధ్యతలకు ఇంకా గడువిచ్చిండ్రు. పైంగ, సర్కార్ తన సంస్థలను ఆ చట్టం నుంచి తప్పించుకునే దారి గూడ అండ్లనే పెట్టుకున్నది. డబ్లిన్ల ఉన్న పిల్లగానికి ఉన్న రక్ష, వనపర్తిల ఉన్న వాళ్లమ్మకు ఎందుకుండొద్దు?

కోచింగ్ సెంటరోడు, ఫైనాన్సోడు నంబర్ అడిగితే 'ఎందుకు? ఎవలకిస్తవ్?' అని అడుగుండ్రి. మీరు అమ్మెటప్పుడు గూడ అదే సవాల్‌కు జవాబు తయారుగ పెట్టుకోండ్రి. నేతన్న దినాల కొద్ది నేసిన చీరను, అడగని మెయిల్‌తోని చౌక చెయ్యకుండ్రి.