బొమ్మకు గొంతు తోడైతేనే జ్ఞాపకం

మనిషి వెళ్లిపోతాడు, గుర్తులు మిగులుతాయి. గోడమీది ఛాయాచిత్రం, గ్రంథంలోని వాక్యం ఆ జ్ఞాపకాన్ని కలకాలం నిలుపగలవా? ఖమ్మం మైదానం ముగిసి భద్రాద్రి అడవి ఆరంభమయ్యే దమ్మపేట ప్రాంతపు గిరిజన సంప్రదాయాలలో ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

కోయల వంశచరిత్ర, ఇలవేల్పుల గాథ 'పడిగె' అనే గుడ్డ పటంపై బొమ్మలుగా ఉంటాయి. కొలుపుల వేళ దానిని విప్పి, డోలి వాయిస్తూ గాయకుడు ఆ కథను గానం చేస్తాడు. బొమ్మ చెప్పలేనిది గొంతు చెబుతుంది. గొంతు తడబడితే బొమ్మ దారి చూపుతుంది. రెండింటికీ వినే పెద్దలే సాక్షులు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ విద్యలో దిట్ట. సమ్మక్క సారలమ్మల కథను గానం చేసిన ఆయనను 2022లో పద్మశ్రీ వరించింది. 2024లో ఆయన కన్నుమూశారు. ధ్వనిముద్రణలో ఆ స్వరం మిగలవచ్చు. కానీ "ఈ బొమ్మ ఎవరిది తాతా?" అని మనుమడు అడిగితే యంత్రం బదులివ్వదు.

దమ్మపేట మండలం పూసుకుంటలో కొండరెడ్లు నివసిస్తున్నారు. గోదావరి లోయలోని వీరి జాతివారిపై హైమన్‌డార్ఫ్ పరిశోధన 1945లో గ్రంథంగా వెలువడింది. ఆయన తీసిన ఛాయాచిత్రాలు నేడు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. అవి అమూల్యమే. అయినా కెమెరా పట్టినవాడు చూడదలచినంతే అందులో కనిపిస్తుంది. ఆ ముఖం వెనుక ఉన్న పాటను దాని వారసులే వినిపించాలి.

మాటకూ ఇదే నియమం. గోల్కొండ చెరలో మగ్గిన కంచర్ల గోపన్న, సీతారాములకు తాను చేయించిన నగల పేర్లను, వాటి ఖర్చును కీర్తనలో ఏకరువు పెట్టారు. ఆ నగలు రామదాసు చేయించినవేనంటూ భద్రాచలంలో భక్తులు నేటికీ కన్నులకద్దుకుంటారు. కీర్తన కాగితానికే పరిమితమై ఉంటే ఏనాడో మూగబోయేది. తరతరాల భక్తుల నోట నానింది కనుకనే సజీవంగా నిలిచింది.

తర్పణంలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లను, గోత్రాన్ని నోటితో ఉచ్చరించమన్నారు పెద్దలు. పటానికి దండ వేసి ఊరుకోమనలేదు. పేరు పలికేవారు లేని పటం మూడు తరాలకే అపరిచితుని బొమ్మ అవుతుంది.

కనుక ఇంటనున్న పాత ఫోటోల వెనుక నేడే పేర్లు రాయండి. రాసి ఊరుకోక, ఆ పేర్ల వెనుక ఉన్న కథను పిల్లలకు చెప్పండి. వారిచేత మళ్లీ చెప్పించుకోండి. పెద్దల ఋణం తీర్చుకునే మార్గాలలో ఇదీ ఒకటి.