ల్యాప్‌టాప్ ఎంపిక (పాత ఉన్నతశ్రేణి, కొత్త ప్రాథమిక శ్రేణి)

దాదాపు ఒకే ధరకు రెండు రకాల ల్యాప్‌టాప్‌లు దొరుకుతున్నప్పుడు దేనిని కొనాలన్నది విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న. ఒకటి కొన్నేళ్ళు వాడిన, ఒకప్పుడు ఖరీదైన యంత్రం. మరొకటి ఇటీవల విడుదలైన చవక యంత్రం. మొదటిదానిని పాత ఉన్నతశ్రేణి అని, రెండవదానిని కొత్త ప్రాథమిక శ్రేణి అని ఈ వ్యాసంలో వ్యవహరించడమైనది. ఈ ప్రశ్నకు అన్ని చోట్లా ఒకే సమాధానం లేదు. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా తీరంలో, అనగా జువ్వలదిన్నె, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం పరిసర గ్రామాలలో, ప్రాసెసరు వేగంతో పాటు ఉప్పుగాలిని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

నేపథ్యం

నెల్లూరులో 2021 జనవరి 11న అమ్మ ఒడి పథకం రెండవ విడత ప్రారంభమైంది. ఆ సభలోనే, 9 నుండి 12 తరగతుల విద్యార్థులు కోరుకుంటే నగదుకు బదులుగా ల్యాప్‌టాప్ ఇస్తామని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. తరువాత వెలువడిన వివరాల ప్రకారం అందులో 4 జీబీ మెమొరీ, 500 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10, మూడేళ్ళ వారంటీ ఉండవలెను. ఆ పంపిణీ కార్యరూపం దాల్చలేదు. 2022 డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు అందజేశారు.

ఆ వివరాలు ప్రాథమిక శ్రేణి లోటును చక్కగా తెలియజేస్తాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు కనీసంగా కావలసినది 4 జీబీ మెమొరీయే గాని, అంత తక్కువ మెమొరీతో బ్రౌజరులో నాలుగు పుటలు తెరిస్తేనే యంత్రం నత్తనడక నడుస్తుంది. అంటే కొన్ననాడు కొత్తదే అయినా, డిగ్రీ పూర్తయ్యే లోపే పాతబడిపోయే యంత్రమది.

పేర్లలోని తికమక

దుకాణంలో మొదట వినిపించే మాట "ఇది ఐ7 అండీ" అన్నదే. ఈ పేరు శ్రేణిని మాత్రమే తెలుపుతుంది, తరాన్ని తెలుపదు. 2017 నాటి ఐ7-7600యు ప్రాసెసరులో ఉన్నవి రెండు కోర్లు. 2022 నాటి ఐ3-1215యులో ఆరు ఉన్నాయి. పేరుకు చిన్నదైన ఐ3 ఇక్కడ పెద్దదానిని సులభంగా దాటిపోతుంది.

అలాగని కొత్తదల్లా వేగమైనది కాదు. సెలెరాన్ ఎన్4020 అనే ప్రాసెసరు 2019 చివరిలో వచ్చింది. దానికి రెండే కోర్లు. దానికంటే రెండేళ్ళ ముందు వచ్చిన ఐ5-8250యుకు నాలుగు కోర్లున్నాయి, పని కూడా వేగంగా చేస్తుంది. కనుక స్టిక్కరు మీది అక్షరాన్ని కాక, దాని వెనుకనున్న పూర్తి సంఖ్యను చదవవలెను.

పాత ఉన్నతశ్రేణికి అసలు బలం ప్రాసెసరులో లేదు, నిర్మాణంలో ఉన్నది. 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టి480, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 వంటి కార్యాలయపు నమూనాలలో మెమొరీకి రెండేసి స్లాట్లు ఉంటాయి. బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ విప్పి మార్చుకోవచ్చు. ఎన్నో చవక నమూనాలలో మెమొరీ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే. 2025 చివరి నుండి మెమొరీ చిప్‌ల ధరలు ప్రపంచవ్యాప్తంగా బాగా పెరగడంతో ఈ తేడా మరింత బరువైనది.

మద్దతు ముగిసే తేదీ

ఇంటెల్‌లో, కొద్ది మినహాయింపులు తప్ప, 8వ తరానికి ముందు ప్రాసెసర్లున్న యంత్రాలను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. అందువలన 2017 ద్వితీయార్ధానికి ముందు వచ్చిన యంత్రం ఎంత గొప్పదైనా విండోస్ వాడదలచినవారు కొనకపోవడమే మంచిది. లినక్స్ వాడుకునేవారికి ఈ నిబంధన వర్తించదు. సి, పైథాన్ వంటివి నేర్చుకోవడానికి అది చాలును. ట్యాలీ, ఆటోక్యాడ్ అవసరమైనవారికి మాత్రం చాలదు.

ఆపిల్ యంత్రాలలో ఈ విషయం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 2019 నవంబరులో విడుదలైన 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో ధర భారతదేశంలో 1,99,900 రూపాయలతో మొదలైంది. సరిగ్గా ఏడాదికి, 2020 నవంబరులో, ఎం1 చిప్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ ప్రారంభ ధర 92,900 రూపాయలు. సగానికి తక్కువ ధరకు వచ్చిన ఈ ప్రాథమిక నమూనా చాలా రోజువారీ పనులలో పెద్దదానితో సమానంగానో, అంతకంటే వేగంగానో పనిచేసింది. ఇంటెల్ మ్యాక్‌లకు 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో యే ఆఖరు రూపమని ఆపిల్ ప్రకటించింది. పెద్ద తెర, 16 జీబీ మెమొరీ కోసం పాతదానిని ఎంచుకున్నవారు ఈ తేదీని కూడా దానితో పాటే కొనుక్కున్నట్లయింది.

ఉప్పుగాలి, ఉక్కపోత

సముద్రపు తుంపరల నుండి గాలిలో చేరే ఉప్పు రేణువులు యంత్రంలోపల పేరుకుంటాయి. పొడిగా ఉన్నంతవరకు వాటివల్ల పెద్ద హాని లేదు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే ఉప్పు తేమను పీల్చుకొని ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, రాగిని, ఇనుమును తింటుంది. ఈశాన్య రుతుపవనాల కాలమైన అక్టోబరు–డిసెంబరు నెలలలో ఈ తీరంలో అంత తేమ సాధారణమే. సముద్రపు నీటిని తోడి వాడే రొయ్యల హేచరీలలో, ఇస్కపల్లి వంటి ఉప్పుమళ్ళ పక్కన పరిస్థితి మరింత తీవ్రము.

ఫ్యాను ఉన్న యంత్రం ఈ గాలిని రోజంతా లోపలికి లాగుకుంటుంది. పాత ఉన్నతశ్రేణి యంత్రాలలో చాలావాటికి ఫ్యాను ఉంటుంది. ప్రత్యేక గ్రాఫిక్స్ ఉన్నవాటిలో కొన్నింటికి రెండేసి ఉంటాయి. ప్రాథమిక శ్రేణిలో కొన్ని, పైన చెప్పిన ఎం1 ఎయిర్ సహా, ఫ్యాను లేకుండానే పనిచేస్తాయి. తీరంలో ఇది చిన్న సుగుణం కాదు. అయితే ఫ్యాను లేని యంత్రం ఎండకాలంలో వేడెక్కి నెమ్మదిస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లకు తయారీదారులు సూచించే వాడుక ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే. మే నెలలో ఇక్కడ రేకుల ఇంటిలో అది ఉదయానికే దాటిపోతుంది.

వేడికి ముందుగా లొంగేది బ్యాటరీ. నిండా చార్జి చేసి, ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచి, వేడిగదిలో వాడితే లిథియం అయాన్ బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది. కరెంటు పోయినప్పుడు అక్కరకు రావలసినది అదే కదా. పాతది కొనేవారు కొత్త బ్యాటరీ ఖర్చును ధరలో కలిపి చూసుకోవలెను. అలా కలిపితే చవక బేరమనుకున్నది ఒక్కోసారి చవక కాకుండా పోతుంది.

పాతదాని పరీక్ష

యంత్రం వయసు కంటే అది ఏ గాలిలో గడిపినదన్నది ముఖ్యం. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఏసీ కార్యాలయంలో అయిదేళ్ళు ఉన్నది, తీరాన రెండేళ్ళు వాడినదానికంటే మేలైన స్థితిలో ఉండవచ్చు. అడుగుభాగపు స్క్రూలకు తుప్పు, యూఎస్‌బీ రంధ్రాలలో పచ్చని పొర కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వదలివేయవలెను. వీలైతే అడుగుమూత తీయించి రాగి గొట్టం రంగు చూడవచ్చు. బ్యాటరీ మొదటి సామర్థ్యమెంత, ఇప్పుడెంత అన్నది విండోస్ ఇచ్చే బ్యాటరీ నివేదికలో తెలుస్తుంది.

కంపెనీలు వాడి వదిలిన యంత్రాలలో ఒక చిక్కు ఉన్నది. బయోస్ సంకేతపదం గాని, పాత యజమాని సంస్థ నమోదు గాని తొలగించకపోతే, విండోస్ తిరిగి ఎక్కించిన రోజున అది తాళం పడిన పెట్టె అవుతుంది. మ్యాక్‌లో యాక్టివేషన్ లాక్ కూడా ఇటువంటిదే. డబ్బు చెల్లించకముందే విండోస్‌ను పూర్తిగా చెరిపి మళ్ళీ ఎక్కించి చూపమని అడగవలెను. అందుకు ఒప్పుకోని దుకాణంలో కొనకపోవడం ఉత్తమం.

ఎవరికి ఏది

ఇంజనీరింగు విద్యార్థికి, ముఖ్యంగా ఆండ్రాయిడ్ స్టూడియో వంటి భారీ సాఫ్ట్‌వేరు వాడేవారికి, 16 జీబీకి పెంచుకోగల 8వ తరం లేదా ఆ తరువాతి కార్యాలయపు యంత్రం, 8 జీబీ వద్దే ఆగిపోయిన కొత్తదానికంటే ఉపయుక్తం. ఇంటర్ విద్యార్థికి, చెరువు లెక్కలు రాసుకునే రైతుకు ఆ బలం అక్కరలేదు. వారికి వారంటీ ఉన్న కొత్త ఐ3 చాలును, సెలెరాన్ మాత్రం కాదు.

వారంటీలోనూ ఒక మెలిక ఉన్నది. ద్రవం వల్ల కలిగిన నష్టం సాధారణ వారంటీలోకి రాదు, ఉప్పుతేమ తుప్పును కూడా సర్వీసు కేంద్రాలు ఆ లెక్కలోనే వేయవచ్చు. సాంకేతిక నిపుణుడు ఇంటికే వచ్చే వారంటీయా, మనమే మోసుకుపోవలసినదా అన్నది బిల్లు రాయించే ముందే అడగవలెను. చెన్నై రిచీ స్ట్రీటులో కొన్న పాత యంత్రానికి దుకాణదారు ఇచ్చే హామీ ఎన్ని నెలలదైనా, దానిని వాడుకోవడానికి నెల్లూరు నుండి సుమారు 175 కిలోమీటర్లు పోవలెను.