పాటలను రాసి దాచిన కర్నూలు డాక్టరు
ఆస్పరి, ఆదోని వాళ్లకు పెద్ద జబ్బు చేస్తే పోయేది కర్నూలు పెద్దాసుపత్రికే. ఆ ఊరి మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన డాక్టర్ శ్రీపాద పినాకపాణి గొప్ప సంగీత పండితుడు కూడా.

ఉర్దూలో ‘సీనా బ సీనా’ అంటారు కదా, కర్ణాటక సంగీతమూ అలాగే గురువు నోటి నుంచి శిష్యుడికి చేరేది. నేర్పకముందే గురువు పోతే పాటా పోయేది. అందుకే ఆయన కీర్తనలను గమకాలతో సహా స్వరాలుగా రాసిపెట్టారు. తిరుమల తిరుపతి దేవస్థానం వాటిని ‘సంగీత సౌరభం’ పేరుతో సంపుటాలుగా అచ్చేసింది. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు ఆయన శిష్యులే.

1984లో పద్మభూషణ్ అందుకున్నారు. 2013లో, 99 ఏళ్ల వయసులో కర్నూలులోనే కన్నుమూశారు.

ఇంట్లో నానీ, దాదీ పాడే పెళ్లిపాటలైనా అంతే. ఎవరో ఒకరు రాసిపెడితేనే మనవళ్లకు అందుతాయి.